సాయవ్వ చలికాలాలు

సాయవ్వ పుట్టింది సిరికొండ దగ్గర, గుట్టల నడుమ ఉన్న ఒక చిన్న పల్లెలో. తల్లి ముఖం ఆమెకు గుర్తు లేదు. పెద్దమ్మ ఇంట్లో, ఎవరి కంటా పడకుండా పెరిగిన పిల్ల. చందూర్ నుంచి బోధన్‌కు పోయే దారిలో ఉన్న ఊరికి, ముత్తన్న భార్యగా వచ్చేనాటికి తన తల తాను సరిగ్గా దువ్వుకోవడం కూడా ఆమెకు రాదు. అత్త తారాబాయి ఆమెను వాకిట్లో ఎండకు కూర్చోబెట్టి, జుట్టుకు నూనె పెట్టి, ఒక్కొక్క చిక్కూ ఓపికగా విడదీసి జడ వేసింది. తన తలను అంత నెమ్మదిగా పట్టుకున్న చెయ్యి సాయవ్వకు అదే మొదటిది.

తారాబాయి పుట్టిల్లు ధర్మాబాద్ అవతల. చిన్న వయసులోనే భర్త పోతే ఒక్క కొడుకును పెట్టుకుని, ఉన్న కొద్దిపాటి పొలాన్నీ నిలబెట్టుకున్న మనిషి. ఎన్నేళ్ళైనా ఆమె మాటల్లో మరాఠీ పోలేదు. పిల్లలను ముద్దుగా "బాళా" అని పిలిచేది. ముత్తన్న కాలువ కింద చెరకు వేసేవాడు, ఇంటి వెనక మడిలో పసుపు. చలికాలం వస్తే చెరకు కొట్టి, బండి కట్టుకుని, బోధన్ ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుసలో పడిగాపులు కాసేవాడు. మంచులో బండి కిందే పడుకుని ఇంటికి తిరిగొచ్చేసరికి గొంతు బొంగురుపోయి ఉండేది. అది ఆ ఊళ్ళో ప్రతి మగవాడికీ ఉండేదే. ఎవరూ పట్టించుకునేవారు కాదు.

పెళ్ళైన మరుసటి ఏడు బాలమణి పుట్టింది. ఆ పిల్లకు నాలుగో ఏడు నడుస్తుండగా, యాభై ఏడులో, ఫ్లూ జ్వరం జిల్లాలో ఊరూరా తిరిగింది. ముత్తన్న ఇంట్లోనూ అందరూ పడి లేచారు. చలికాలం వచ్చేసరికి జనం ఆ సంగతి మరిచిపోయారు. మాఘంలో నవీపేట్‌లో చుట్టాల పెళ్ళి. ఆ ఇంట్లో పిల్లలందరినీ ఒకే బొంత కింద వరుసగా పడుకోబెట్టారు. అందులో సగంమంది దగ్గుతున్నారు. సాయవ్వ అది విన్నది. పిల్లలన్నాక దగ్గకుండా ఉంటారా అనుకుంది.

ఇంటికొచ్చాక బాలమణికి ముక్కు కారడం మొదలైంది. తారాబాయి వావిలాకు ఆవిరి పట్టింది, వెల్లుల్లి కాచిన నూనె ఛాతీకి రాసింది, వాము వేయించి మూట కట్టి కాపడం పెట్టింది. జ్వరం దిగలేదు. ఊపిరి తీస్తుంటే పిల్ల పక్కటెముకలు లోపలికి పోవడం చూసి ముత్తన్న బండి కట్టాడు. బోధన్ దవాఖానలో చేయవలసిందంతా చేశారు. ఊపిరితిత్తులు పూర్తిగా పట్టేశాయన్నారు. మర్నాడు పొద్దున బాలమణి తల్లి ఒడిలోనే పోయింది.

అక్కడ సుమిత్రమ్మ అనే నర్సు ఉండేది. బండి కట్టేదాకా ఆమె సాయవ్వ పక్కనే కూర్చుంది. ఇది మంచు వల్ల వచ్చింది కాదు, జామపండు తింటే వచ్చింది కాదు, దగ్గేవాళ్ళ నోటి తుంపర్ల నుంచి ఇంకొకరికి అంటుకునేది అని చెప్పింది. జలుబు చేసినవాళ్ళు పసిపిల్లలకు దూరంగా పడుకోవాలి, వాళ్ళ గిలాస, తువ్వాల వేరే ఉండాలి, దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, అర్రలోకి గాలి రానివ్వాలి అంది. చివరికి "ఇంకో బిడ్డ పుడితే పనికొస్తదమ్మా" అంది. బిడ్డ ఇంకా ఒడిలో చల్లారకముందే అన్న ఆ మాటను సాయవ్వ చాలా కాలం క్షమించలేదు. కానీ ఆమె చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా మరిచిపోలేదు.

ఆ తర్వాత ఆ ఇంట్లో చలికాలం వేరుగా మారిపోయింది. సాయవ్వ పట్టుబట్టి లోపలి అర్ర గోడకు కిటికీ కొట్టించింది. చలికాలంలో కిటికీ ఎవరైనా తెరుస్తారా అని ఊరివాళ్ళు నవ్వారు. ముత్తన్న ఫ్యాక్టరీ నుంచి వస్తే వేడినీళ్ళు వాకిట్లోనే తోడిపెట్టేది. గొంతు బాగయ్యేదాకా అతని పక్క ఎడ్ల కొట్టంలో. జలుబు, సర్ది చేసినవాళ్ళ లోటా వేరే గూట్లో. చేతులు కడుక్కోకుండా పొయ్యి దగ్గరికి ఎవరూ రాకూడదు. ముక్కు కారుతున్న పిల్లలు ఆడుకోవడానికి వస్తే చేతిలో బెల్లం ముక్క పెట్టి, మంచి మాట చెప్పి పంపేసేది. ఊళ్ళో ఆమెకు సర్ది సాయవ్వ అని పేరు పడింది. ఆమె ఎదుటే అనేవారు. ఆమె వినేది, తన పని తాను చేసుకునేది.

ముత్తన్న దీన్నంతా నవ్వుతూనే సాగనిచ్చాడు. కొట్టంలో పడుకుని, ఎడ్లకూ తనకూ ఈ ఏడు ఒకటే సంసారమని పరాచికాలాడేవాడు. తారాబాయికి మాత్రం నచ్చేది కాదు. మనిషికి జబ్బు చేస్తే దగ్గరికి తీసుకోవాలి గానీ దూరం పెట్టడమేమిటని ఆమె బాధ. అయినా బాలమణిని మట్టిలో పెట్టినరోజు కోడలు ఎట్లా ఉందో చూసింది కాబట్టి ఎదురు చెప్పలేదు.

బాలమణి పోయిన నాలుగేళ్ళకు, ఇక పుట్టరనుకున్నాక విమల పుట్టింది. పాలు మానిన దగ్గర్నుంచి విమల పక్క బాపమ్మ దగ్గరే. తండ్రి తల్లిని ఆ ఊళ్ళో పిల్లలు అట్లాగే పిలుస్తారు. ముసలామె కుడి చెయ్యి మీద తల పెట్టి, ఎడమ చేతి గాజులు తిప్పుతూ నిద్రపోయేది విమల. తారాబాయికి కళ్ళకు పొర కమ్మింది. మనుషుల ఆకారాలు తెలిసేవి గానీ ముఖాలు తెలిసేవి కావు. విమల ముఖాన్ని మాత్రం చేత్తో తడిమి, ఇవాళ ఏడ్చిందా నవ్విందా చెప్పేసేది.

అరవై ఎనిమిదిలో విమలకు ఆరేళ్ళు. ఆ వానాకాలం గంగారాం పుట్టాడు. ఈనె పుల్లల్లాంటి చేతులతో, నెల తక్కువ పిల్లవాడు. ఆ చలికాలం మళ్ళీ ఫ్లూ అనే మాట వినబడింది. బోధన్ బజారులో ఎవరిని చూసినా దగ్గే. చెరకు కొట్టడానికి మరాఠ్వాడా నుంచి వచ్చిన కూలీల గుడిసెల్లో గుడిసెకొకరు పడుకుని ఉన్నారని ముత్తన్న చెప్పాడు. సాయవ్వ ఆ రోజు నుంచి గంగారాంను గడప దాటించలేదు.

అప్పుడే ధర్మాబాద్ నుంచి కబురు వచ్చింది. తారాబాయి తమ్ముడు పోయాడు. పోవద్దని సాయవ్వ అనలేకపోయింది. తోడబుట్టినవాడి చావుకు పోవద్దని ఎవరంటారు? దినాలు ముగించుకుని తారాబాయి తిరిగొచ్చినరోజు, ఆమె బండి దిగుతూ దగ్గిన దగ్గు విని సాయవ్వ చేతిలో చాట అట్లాగే ఆగిపోయింది.

విమల అప్పటికే బాపమ్మా అంటూ వాకిట్లోకి ఉరికింది. సాయవ్వ చాట పడేసి పరుగెత్తి, పిల్లను దారిలోనే ఎత్తుకుంది. తారాబాయి చేతులు చాచి నిలబడి ఉంది. పిల్ల అందకపోయేసరికి ఏం జరిగిందో కనబడక అటూ ఇటూ చూసింది.

ముందరి అర్రలో జొన్న బస్తాలు తీసేసి, అలికి, సాయవ్వ అత్తకు అక్కడ మంచం వేసింది. ఇంట్లో పొద్దుటెండ పడే అర్ర అదొక్కటే. పక్క వాడలో దూది ఏకే గులాం దగ్గర కొత్త రజాయి తెప్పించి పరిచింది. గులాం భార్య ఖాసింబీని పిలిచి, తన కష్టం చెప్పుకుంది. చంటివాడికి గంటగంటకూ పాలివ్వాలి. అత్తను అంటుకుని మళ్ళీ వాణ్ణి ఎత్తుకోకూడదు. ఖాసింబీకి ఆ నెలలోనే అదే జ్వరం వచ్చి తగ్గింది, ఇంట్లో పసిపిల్లలు లేరు. ఆమె మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. పొద్దున, సాయంత్రం వచ్చి జోషాందా కషాయం కాచి తాగించేది, వీపుకు నూనె రాసేది, బట్టలు మార్చేది. ముత్తన్న బండి మానుకుని తల్లి దగ్గర కూర్చున్నాడు, కొట్టంలో పడుకున్నాడు.

సాయవ్వ చేయగలిగింది వండడం ఒక్కటే. గంజి, శొంఠి కషాయం, మెత్తగా చేసిన జొన్న సంకటి. ముత్తన్న లేనప్పుడు కొంగు ముక్కుకు చుట్టుకుని గిన్నె గడప లోపలికి జరిపి, వెనక్కి వచ్చి నిలబడి, "అత్తా, గిన్నె ఈడ వెట్టిన" అని చెప్పేది. తారాబాయి లేచి, తడుముకుంటూ వచ్చి తీసుకునేది. మూడోనాడు కాబోలు, గిన్నె తీసుకోకుండా గడప పక్కనే కూర్చుంది.

"నన్ను వెలేసినవా బిడ్డా?" అంది.

సాయవ్వ, "పిల్లగాడు ఉన్నడత్తా. పాలు తాగే పిల్లగాడు" అంది.

"నాకెరుకనే" అంది తారాబాయి. గిన్నె తీసుకుని లోపలికి పోయింది. ఆ పూట గంజి తాగలేదని ఖాసింబీ తర్వాత చెప్పింది.

బోధన్ నుంచి కాంపౌండర్ వచ్చి సూది వేశాడు. ముసలి ఛాతీ, నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. తారాబాయి ససేమిరా అంది. పుట్టింటి నుంచి వచ్చి ఇన్నేళ్ళు బతికిన ఇంట్లోనే ఉంటానంది. ముత్తన్న బతిమాలాడు, కోపం చేశాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

విమల ఏడుపు ఆగలేదు. వేరే పక్క మీద నిద్ర పట్టేది కాదు. బాపమ్మ దగ్గు వినిపిస్తే లేచి కూర్చునేది. తల్లి కళ్ళు కప్పి రెండుసార్లు ముందరి అర్ర దాకా పోయింది. రెండుసార్లూ సాయవ్వ పట్టుకుంది. రెండోసారి కొట్టింది కూడా. ఆ ఇంట్లో పిల్ల మీద చెయ్యి పడటం అదే మొదలు.

ఆ సాయంత్రం ముత్తన్న పొయ్యి దగ్గరికి వచ్చాడు. తల్లి ఒక్కసారి విమలను చూస్తానంటోందని చెప్పాడు. ఇంకేమీ అడగట్లేదు, మందు కూడా వద్దంటోంది, పిల్లను ఒక్కసారి దగ్గరికి పంపమంటోంది.

సాయవ్వ పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. ఒప్పుకోవాలని ఆమెకు ఎంతో అనిపించింది. ఒక్కసారికి ఏమవుతుంది అనుకుంది. అట్లా అనుకున్న క్షణమే నవీపేట్‌లో ఆ బొంత, దాని కింద వరుసగా పిల్లల తలలు కళ్ళకు కట్టాయి. అప్పుడు కూడా తను ఏమవుతుందిలే అనే అనుకుంది.

"దగ్గరికి వద్దు. వాకిట్ల నిలవెడ్త. ఆడికెల్లి సూడుమను" అంది.

ముత్తన్న ఆమెను ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఎండ ఎక్కాక, ముత్తన్న తల్లిని రజాయి చుట్టి ఎత్తుకొచ్చి గడప దగ్గర గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. సాయవ్వ విమలకు తల దువ్వి, ఉతికిన గౌను వేసి, వాకిలికి ఆ చివర, ఎడ్ల కుడితి తొట్టి దగ్గర నిలబెట్టింది. తను వెనక నిలబడి పిల్ల భుజాలు పట్టుకుంది.

తారాబాయి ఆ వైపు ముఖం పెట్టి చూసింది. నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ చూసింది.

"ఏడుంది?" అని కొడుకును అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది సాయవ్వకు, అంత దూరం నుంచి ఆ కళ్ళకు పిల్ల ఆనదని. దగ్గరికి రావద్దన్నప్పుడు ఈ ఒక్క సంగతీ ఆమెకు తట్టలేదు.

"బాపమ్మా, నేను ఈడున్న" అని పిలిచింది విమల.

"గొంతు ఇనవడ్తుంది. మొకం కనవడ్తలేదు బాళా. జర ముందటికి రా."

విమల ఒక అడుగు వేసింది. సాయవ్వ చేతులు వదల్లేదు. పిల్ల గుంజుకుంది. చిన్న భుజాల ఎముకలు తన వేళ్ళ కింద తెలుస్తున్నాయి. ముత్తన్న తల్లి పక్కన కూర్చుని నేల చూస్తున్నాడు. వదలమని అతను అనలేదు. పట్టుకొమ్మనీ అనలేదు.

తారాబాయికి అర్థమైంది. చాచిన చెయ్యి రజాయి లోపలికి తీసుకుంది. అప్పుడు దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక, "అన్నం తిన్నవా బాళా?" అని అడిగింది. తిన్నానంది విమల. ఏం కూర అని అడిగింది. చిక్కుడుకాయ అంది విమల. తమ్ముడు ఏడుస్తున్నాడా అని అడిగింది. అట్లా చిన్న చిన్న మాటలు కొన్ని, వాకిలి మీదుగా అటూ ఇటూ నడిచాయి. చివరికి తారాబాయి గొంతు కాస్త పెంచి కోడలితో మాట్లాడింది.

"సాయవ్వా, పిల్లది ఇడిసిన గౌను ఏదన్న ఉంటె పంపు బిడ్డా. పక్కల పెట్టుకుంట."

సాయవ్వ విమలను లోపలికి తీసుకుపోయి, తమ్ముడి ఊయల దగ్గర ఉంచి, పిల్ల ముందునాడు విడిచిన గౌను తెచ్చింది. ఉతకనిది. దాన్ని గడప మీద పెట్టింది. అత్త ముఖం అంత దగ్గరగా చూడటం వారం రోజుల్లో అదే మొదటిసారి. తారాబాయి గౌను తీసుకుని ముఖానికి అదుముకుంది.

ఆ మరుసటిరోజు మధ్యాహ్నం తారాబాయి పోయింది. ముత్తన్న, ఖాసింబీ దగ్గరున్నారు. సాయవ్వ వెనక అర్రలో గంగారాంకు పాలిస్తోంది. ముత్తన్న వచ్చి చెప్పలేదు. ఖాసింబీ ఏడుపు విని తెలుసుకుంది.

ఆడవాళ్ళు వచ్చారు. శవానికి స్నానం చేయించాలి. సాయవ్వ చంటివాణ్ణి ఊయల్లో వేసి, ముందరి అర్ర గడప దాటింది. ఎవరో ఒకావిడ, ఇప్పుడు భయం లేదా అని పక్కనామెతో అంది. సాయవ్వ విన్నది. అత్త తలకు నూనె పెట్టి, తెల్లజుట్టు చిక్కులన్నీ తనే తీసింది. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. నీళ్ళు పోసింది, కొత్త చీర కట్టింది, పిడికిట్లో ఉన్న గౌనును అట్లాగే ఉండనిచ్చింది. వెనక అర్రలో గంగారాం ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పాడె లేచాక బావి దగ్గర తల మీదుగా నీళ్ళు గుమ్మరించుకుని, చీర మార్చుకుని, చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని, అప్పుడు వెళ్ళి వాణ్ణి ఎత్తుకుంది. చేతులు రుద్దుతున్నంతసేపూ ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ చలికాలం విమలకు జ్వరం రాలేదు. గంగారాంకూ రాలేదు. ఊళ్ళో ఇంకో ఇంట్లో గంగారాం ఈడు పిల్ల పోయింది. మూడిళ్ళలో పిల్లలు చావు దాకా పోయి వచ్చారు. ఏ జాగ్రత్తా లేని ఇళ్ళలో కొందరికి ఏమీ కాలేదు కూడా. కాబట్టి సాయవ్వ చేసిందే తన పిల్లలను కాపాడిందని ఎవరూ చెప్పలేరు. సాయవ్వే చెప్పలేకపోయింది.

ముత్తన్న ఆమెను తిట్టలేదు. చలి పోయి ఎండలు ముదిరినా అతను కొట్టంలోనే పడుకున్నాడు. లోపలికి రమ్మని ఒకరోజు ఆమె తనే అడిగింది.

"తప్పు నీది గాదు, నాకెరుకే. అయినా మనసు ఒప్తలేదు" అన్నాడు. ఆ వానాకాలం కప్పు కారుతుంటే లోపలికి వచ్చాడు. మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎడ్లతో సంసారమని పరాచికాలాడటం మాత్రం మానేశాడు.

ఖాసింబీ ఒక్కతే ఆమె దగ్గర తారాబాయి మాట ఎత్తేది. ఆఖరిరోజు ముసలామె మనసులో కోపం లేదని, కోడలికి మొదట పుట్టి పోయిన బిడ్డ గురించే తనతో చెప్పుకుందని చెప్పింది. అది నిజమో, తన ఊరట కోసం చెప్పిందో సాయవ్వ ఎన్నడూ అడగలేదు.

విమల పెరిగింది. బాలమణి అనే అక్క ఒకతె ఉండేదని ఆమెకు తెలుసు గానీ, ఎట్లా పోయిందో ఇంట్లో ఎవరూ చెప్పలేదు. పన్నెండేళ్ళప్పుడు, పసుపు కొమ్ములు ఉడకబెట్టే రోజుల్లో, తల్లీకూతుళ్ళిద్దరూ వాకిట్లో కొమ్ములు ఆరబోస్తున్నారు. విమల చేతిలో పని ఆపకుండానే అడిగింది.

"నన్ను బాపమ్మ దగ్గరికి పోకుంట పట్టుకున్నది నువ్వే గదా?"

"ఔ. నేనే."

"మల్ల గట్లనే అయితే?"

సాయవ్వ గుప్పెడు కొమ్ములు పరిచింది. అబద్ధం చెబితే పిల్ల మనసు తేలిక పడుతుందేమోనని కూడా ఆలోచించింది.

"మల్ల గట్లనే పట్టుకుంట బిడ్డా" అంది.

అన్నాక ఆమెకు ఏడుపు వచ్చింది. అత్త పోయిననాడు నలుగురిలో రాని ఏడుపు. పసుపు అంటిన చేతులతో కళ్ళు తుడుచుకోలేక, ముఖం మోచేతిలో దాచుకుంది. ఏడుస్తూనే నవీపేట్ పెళ్ళి సంగతి, దవాఖాన సంగతి, ఒడిలో పోయిన పిల్ల సంగతి మొదటిసారి బిడ్డకు చెప్పింది. విమల విన్నది. దగ్గరికి వచ్చి కావలించుకోలేదు, దూరంగానూ పోలేదు. తల్లి చెప్పడం అయిపోయేదాకా అక్కడే కూర్చుంది. తర్వాత లేచి, మిగిలిన తట్ట తెచ్చి, తల్లి వైపు కొమ్ములు కూడా తనే పరిచింది.